కట్టు విప్పిన తర్వాత

కెనడా తూర్పు తీరం నుంచి బయల్దేరిన కొందరు బాప్టిస్టు మిషనరీలు మొదట సియాం దేశం వెళ్లారు. తాము వెతుకుతున్న కరెన్ ప్రజలు అక్కడ అనుకున్నంతమంది కనపడకపోవడంతో దారి మార్చుకుని 1875లో తెలుగు తీరానికి చేరారు. నోవాస్కోషియా, న్యూబ్రన్స్‌విక్‌ల సముద్రపు ఒడ్డు ఊళ్ల వాళ్లకు మళ్లీ సముద్రపు ఒడ్డే దొరికింది. భీమునిపట్నం, చికాకోలు (ఇప్పటి శ్రీకాకుళం), బొబ్బిలి, తర్వాతి కాలంలో పర్లాకిమిడి, పాలకొండ, టెక్కలి, సోంపేట వారి కేంద్రాలయ్యాయి. ఆ రాకకు 150 ఏళ్లు నిండాయి. ఇలాంటి సందర్భాల్లో కట్టిన చర్చిల లెక్క, చేరిన సభ్యుల లెక్క చెప్పుకోవడం పరిపాటి. అంతకంటే పాతదీ, లెక్కకు అందనిదీ ఒకటుంది. అది వాళ్లు ఇక్కడికి మోసుకొచ్చిన ప్రశ్న. మనిషికి రక్షణ దేనివల్ల కలుగుతుంది? దేవుని కృప వల్లనా, తన విశ్వాసం వల్లనా, తాను చేసిన సత్క్రియల వల్లనా? ఐరోపాలో ఈ ప్రశ్న మీద చర్చి రెండుగా చీలింది, రాజ్యాలు కత్తులు దూశాయి. పలాస, టెక్కలి, ఉద్దానం ప్రాంతంలో ఈ ప్రశ్నకు గ్రంథాల్లో కంటే స్పష్టమైన జవాబు ఒక కంటి ఆసుపత్రిలో దొరికిందని నా వాదన. మంచి పని కృపకు చెల్లించే ధర కాదు. కృప ఒక మనిషి దగ్గర ఆగిపోకుండా పక్క మనిషి దగ్గరికి నడిచి వెళితే ఆ నడకనే మంచి పని అంటాం. ఈ మాట నిలబడుతుందో లేదో సాక్ష్యాలతో తేల్చుకోవాలి.

ఈ నేలకు ఆ ప్రశ్న మిషనరీలతోనే రాలేదు. వంశధార ఒడ్డున శాలిహుండం కొండ మీద బౌద్ధ స్తూపాలు నిలిచిన కాలంలో దానం చేసినవాడికి పుణ్యం దక్కుతుందన్నది నిలకడగా ఉన్న నమ్మకం. శ్రీకూర్మం స్తంభాల మీద తూర్పు గాంగుల కాలం నాటి దాన శాసనాలు ఇప్పటికీ కనిపిస్తాయి. మందసలో వాసుదేవ పెరుమాళ్ ఆలయం ఉంది. వైష్ణవుల్లోనే ఈ తగువు రెండు జంతువుల పేరుతో నడిచింది. కోతిపిల్ల తల్లిని గట్టిగా పట్టుకుంటేనే చెట్టు దాటుతుంది, అది మర్కట కిశోర న్యాయం. పిల్లికూన ఏమీ చేయదు, తల్లే నోట కరచుకుని దాటిస్తుంది, అది మార్జాల కిశోర న్యాయం. జీవుడి ప్రయత్నం ఎంత, దేవుడి దయ ఎంత అన్నదే అక్కడా ప్రశ్న. కనుక 1875లో దిగిన కెనడా వాళ్లు ఎవరూ దున్నని నేలలో విత్తనం వేశారనుకోవడం పొరపాటు. చాళ్లు ఎప్పుడో పడి ఉన్నాయి.

క్రైస్తవంలో ఆ చరిత్రను నాలుగు అడుగుల్లో చెప్పుకోవచ్చు. పౌలు రోమీయులకు రాసిన పత్రికలో ధర్మశాస్త్ర క్రియలు లేకుండానే విశ్వాసం వల్ల మనిషి నీతిమంతుడవుతాడన్నాడు. యాకోబు తన పత్రికలో క్రియలు లేని విశ్వాసం శవం లాంటిదన్నాడు. అయిదో శతాబ్దంలో పెలేజియస్ అనే సన్యాసి మనిషి తన సంకల్పబలంతోనే మంచివాడు కాగలడని బోధిస్తే అగస్టీన్ ఎదురు నిలిచాడు. 418లో కార్తేజి సభ, 529లో ఆరెంజి సభ, మొదటి అడుగు దేవుడిదేనని తీర్పు చెప్పాయి. 1517లో మార్టిన్ లూథర్ పాపపరిహార పత్రాల అమ్మకాన్ని ప్రశ్నించాడు. రోమీయుల పత్రికను జర్మన్‌లోకి తెచ్చినప్పుడు ‘విశ్వాసం వల్ల’ అన్నచోట ‘మాత్రమే’ అన్న మాట చేర్చాడు. బైబిలు మొత్తంలో ‘విశ్వాసం మాత్రమే’ అన్న కలయిక ఒక్కచోటే ఉంది. అదీ యాకోబు పత్రికలో, అది చాలదని చెప్పేచోట. 1547లో ట్రెంటు మహాసభ లూథర్‌ను ఖండించింది. అయితే కృప లేకుండా మనిషి తన పనులతో దేవుని ఎదుట నీతిమంతుడు కాగలడనే వాదాన్ని కూడా అదే సభ, అదే నిర్ణయంలో మొట్టమొదట ఖండించింది. ఈ రెండో సంగతి చాలామందికి తెలియదు. తగవు మనం అనుకున్నంత వెడల్పైనది కాదు. మొదలు ఎవరిదన్న విషయంలో ఇరుపక్షాలదీ ఒకే మాట, తర్వాతి నడక పేరు దగ్గరే పేచీ.

ఇక తెలుగు మాటల దగ్గరికి వద్దాం, ఎందుకంటే అసలు విశేషం అక్కడే ఉంది. 1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జి క్రాన్, ఆగస్టస్ డెగ్రాంజి విశాఖపట్నం వచ్చారు. ఆనందరాయర్ అనే బ్రాహ్మణుడి సాయంతో సువార్తల అనువాదం సాగింది. 1812లో శ్రీరాంపూర్ అచ్చుకూటంలో మూడు సువార్తలు అచ్చయ్యాయి. అక్కడి నుంచి దశాబ్దాల పాటు ఎందరో చేతులు పెట్టగా నిలిచిన తెలుగు బైబిల్లో, మోషే ఇచ్చిన చట్టానికి కుదిరిన మాట ‘ధర్మశాస్త్రం’. ఈ మాట ఎంత దూరం వెళ్లిందో అనువాదకులు ఊహించి ఉంటారని చెప్పలేం. తెలుగువాడి చెవికి ధర్మశాస్త్రం అంటే ఎవరు ఎక్కడ నిలబడాలో, ఎవరి నీడ ఎవరి మీద పడకూడదో చెప్పే స్మృతులే. ఆ ధర్మశాస్త్ర క్రియల వల్ల ఎవడూ నీతిమంతుడు కాడని పౌలు మాటను మాలపల్లెలోనో మాదిగవాడలోనో చదివి వినిపిస్తే అది యూదుల సున్నతి, భోజన నియమాల గురించిన పాత వివాదంగా వినపడదు. గుడి మెట్టు ఎక్కనివ్వని, బావి చేద ముట్టనివ్వని పుస్తకం దేవుని దగ్గర చెల్లదని వినపడుతుంది. 1927 క్రిస్మస్ రోజున మహద్‌లో అంబేడ్కర్ మనుస్మృతిని తగలబెట్టించడానికి చాలాముందే తెలుగు బైబిలు చదివిన దళితుడికి ఈ వాక్యం దగ్గర ఆగి ఆలోచించే వీలు దొరికింది.

ఇందులో ఇంకో మెలిక ఉంది. మనవాళ్లకు ‘సత్క్రియ’ అంటే వ్రతం, తీర్థయాత్ర, యజ్ఞం, అన్నదానం, గోదానం. ఇవన్నీ చేయాలంటే కులమైనా ఉండాలి, డబ్బైనా ఉండాలి. పుణ్యం కూడబెట్టుకునే ఖాతా తెరవడానికే కొందరికి అర్హత లేదు. అలాంటి చోట రక్షణ క్రియల వల్ల కాదు, కృప వల్ల అంటే అది బద్ధకస్తులకిచ్చిన సెలవు కాదు, ఖాతా లేనివాళ్లకు తెరిచిన తలుపు. తెలుగులో ‘పాత్రత’ అనే మాట చూడండి. పాత్ర అంటే గిన్నె. అర్హత అనే అర్థం తర్వాత వచ్చి చేరింది. అపాత్రదానం చేయవద్దని పెద్దలు చెబుతారు. సువార్త చెప్పేది మాత్రం దేవుడు చేసిందంతా అపాత్రదానమే అని. గిన్నెకు కావలసిన ఒకే ఒక్క గుణం ఖాళీగా ఉండడం.

ఖాతాయే లేనివాడు ఒక చివర అయితే, పుణ్యం నిండుగా ఉన్నవాడు రెండో చివర. ఆ రెండో చివరను ఈ ప్రాంతపు మనిషి ఒకరు మన ముందుంచారు. పురుషోత్తమ చౌదరి 1803లో పర్లాకిమిడి దగ్గర మదనపురంలో బ్రాహ్మణ కుటుంబంలో పుట్టారు. 1833లో కటకంలో బాప్తిస్మం తీసుకున్నారు. కటకంలో ఉన్నవాళ్లు ఇంగ్లండు ‘జనరల్’ బాప్టిస్టులు, 1822లో వచ్చి స్థిరపడినవాళ్లు. క్రీస్తు మరణం ఏరికోరిన కొందరి కోసం కాదు, అందరి కోసమని నమ్మే శాఖ అది. శ్రీరాంపూర్‌లో విలియం కేరీ చెందిన ‘పర్టిక్యులర్’ బాప్టిస్టులు ఆ మరణం దేవుడు ముందే ఎన్నుకున్నవారి కోసమని నమ్మేవారు. చౌదరి ఒడిశా, తెలుగు సరిహద్దు అంతా తిరిగి సువార్త చెప్పారు. కులాన్ని నిలదీస్తూ ‘కులాచార పరీక్ష’ రాశారు. వందకు పైగా కీర్తనలు కట్టారు. ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ పుస్తకం తెరిస్తే పేజీ పేజీకీ ఆయన పేరే తగులుతుంది. 1890లో కన్నుమూశారు. ఆయన కీర్తనల్లో అందరికీ తెలిసిన ‘త్రాహిమాం క్రీస్తునాథ’ పేరులోనే సంగతంతా ఉంది. త్రాహిమాం అనేది శరణాగతి మాట. రక్షించమని అడగడమే తప్ప తాను తెచ్చిన కానుక ఏదీ చెప్పుకోని మాట. ఆర్.ఆర్. సుందరరావు 1983లో తెలుగు క్రైస్తవ కీర్తనల్లోని భక్తి తత్వం మీద ఇంగ్లీషులో ఒక పుస్తకమే వెలువరించారు. చౌదరి పాశ్చాత్య సిద్ధాంతాన్ని తెలుగు రాగతాళాల్లో కూర్చారని పొగడడం మామూలే. నాకు అంతకన్నా పెద్దదిగా కనపడేది వేరే ఉంది. జన్మతోనే పుణ్యపు మూలధనం చేతికొచ్చిన మనిషి, ఆ పద్దంతా కొట్టేసుకుని, ఖాతాయే లేనివాడి పక్కన నిలబడి అదే త్రాహిమాం అన్నారు. కృప ఒకడి ఆస్తిని తీసేస్తుంది, ఇంకొకడి అప్పును తీసేస్తుంది, ఇద్దరినీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెడుతుంది. గలతీయులకు రాసిన పత్రికలో పౌలు పేతురుతో పోట్లాడింది కూడా భోజనం బల్ల గురించే. విశ్వాసం వల్ల నీతి అన్న సిద్ధాంతం పుట్టుకలోనే పంక్తిభేదం గురించిన తగవు ఉంది. తెలుగువాళ్లకు ఇది వేరే ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు.

కెనడా మిషన్ చరిత్రలో 1875 నుంచి స్వాతంత్ర్యం దాకా బళ్లు, ప్రార్థనాలయాలు, గుర్రపు బండ్ల ప్రయాణాలు, నివేదికలు. గోదావరి జిల్లాల్లోనూ ఒంగోలు సీమలోనూ వేలమంది చేరినట్టు ఉత్తరాన ఎప్పుడూ చేరలేదు. శ్రీకాకుళం సంఘాలు చిన్నవి, ఇప్పటికీ చిన్నవే. ఆ దశాబ్దాలను దాటి నేరుగా సోంపేట వెళదాం.

సోంపేటలో కెనడా బాప్టిస్టుల ఆసుపత్రి పేరు ఆరోగ్యవరం. మదనపల్లె క్షయ శానిటోరియంకు కూడా ఇదే పేరు, అది వేరు. సోంపేట ఆరోగ్యవరంలో డాక్టర్ బెన్ గల్లిసన్ కంటి వైద్యం చేసేవారు. శుక్లాలు ముదిరి చూపు పోయినవాళ్లకు ఆపరేషన్ చేసి మళ్లీ లోకాన్ని చూపించే పని. ఆయన మాటలు విన్న కాల్గరీ నగర వ్యాపారి ఆర్ట్ జెంకిన్స్, సోంపేటలో ఇంకొంతమందికి కళ్లు తెరిపించేందుకు డబ్బు కూడేశారు. అలా 1963లో ‘ఆపరేషన్ ఐసైట్’ సంస్థ పుట్టింది. ఇవాళ అనేక దేశాల్లో కంటి వైద్యానికి అండగా నిలుస్తున్న ఆ సంస్థకు బీజం పడింది ఉద్దానంలో. జీడిమామిడి, కొబ్బరి చెప్పినంత గర్వంగా సోంపేట వాళ్లు చెప్పుకోదగ్గ సంగతి ఇది. చెప్పుకోవడం తక్కువ.

ఆ రోజుల్లో శుక్లం ఆపరేషన్ ఎలా జరిగేదో ఒకసారి దగ్గరగా చూడాలి. కృత్రిమ కటకం అమర్చే పద్ధతి అప్పటికి మన ఊళ్లకు రాలేదు. మసకబారిన కటకాన్ని మొత్తంగా తీసేసేవారు. చూపులేని ముసలమ్మ తనంత తాను ఆసుపత్రికి రాలేదు. కర్ర ఒక చివర మనవడు పట్టుకుంటే, రెండో చివర ఆమె పట్టుకుని నడిచి వస్తుంది. బల్ల మీద పడుకోబెడతారు. కంటికి మందు వేస్తారు. అక్కడి నుంచి ఆమె చేసేది ఏమీ లేదు, చేయకూడదు కూడా. కదిలితే కన్ను పోతుంది. ఆపరేషన్ అయ్యాక తలకు అటూ ఇటూ ఇసుక సంచులు పెట్టి, కళ్లకు కట్టు కట్టి, కొన్ని రోజులు కదలకుండా పడుకోమంటారు. దగ్గకూడదు, వంగకూడదు. ఒకరు అన్నం నోట్లో పెడతారు. కట్టు విప్పే రోజు వస్తుంది. వెలుతురు తెలుస్తుంది, రంగులు తెలుస్తాయి, కానీ అంతా అలికినట్టే ఉంటుంది. అప్పుడు దళసరి సోడాబుడ్డి కళ్లద్దాలు పెడతారు. మనవడి ముక్కు, నోరు, చెవులు ఒక్కొక్కటే తేరుకుంటాయి. ఆ అద్దాలు రోజూ తుడుచుకోవాలి, పారేసుకోకూడదు, పెట్టుకోకపోతే ఆపరేషన్ జరిగీ జరగనట్టే. ఆ తర్వాత ఆమె నడిచే ప్రతి అడుగూ ఆమెదే.

కృప, విశ్వాసం, క్రియలు అనే మూడు మాటల మధ్య ఉన్న సంబంధం ఈ గదిలో ఉన్నంత తేటగా ఏ మహాసభ తీర్మానంలోనూ లేదు. కత్తి ఆడుతున్నంతసేపూ ఆమె చేసింది శూన్యం, లూథర్ చెప్పినట్టే. విశ్వాసం ఆమె చెల్లించిన రుసుము కాదు, కర్ర చివర పట్టుకుని రావడమే విశ్వాసం. ఆ కర్రను కూడా ఇంకొకరే అందించారు. కట్టు విప్పాక అద్దాలు పెట్టుకోవడం, నడవడం మాత్రం ఆమె చేయాలి, ట్రెంటు పెద్దలు పట్టుబట్టిన సహకారం ఇదే. నడిచినందుకు చూపు రాలేదు, చూపు వచ్చింది కనుక నడిచింది. కట్టు విప్పాక కూడా కళ్లు మూసుకుని మూలన కూర్చుంటే, నాకు చూపొచ్చిందని ఆమె ఎంత చెప్పినా ఊరు నమ్మదు. యాకోబు అడిగింది ఆ రుజువునే. పౌలు, యాకోబు పోట్లాడుకోలేదు. పౌలు ఆపరేషన్ గదిలో మాట్లాడుతున్నాడు, యాకోబు ఆసుపత్రి గుమ్మం బయట మాట్లాడుతున్నాడు. ఎఫెసీయుల పత్రిక రెండో అధ్యాయంలో పౌలే ఈ రెంటినీ పక్కపక్కన పెట్టాడు. క్రియల వల్ల కాదని చెప్పిన మరుసటి మాటలోనే, సత్క్రియలు చేయడానికే మనం సృష్టింపబడ్డామన్నాడు. ఎనిమిది, తొమ్మిది వచనాలు కంఠతా వచ్చినవాళ్లు పదో వచనం దాకా చదవాలి.

ఆరోగ్యవరం అన్న పేరునూ గమనించండి. మన పురాణాల్లో వరం ఊరికే రాదు. హిరణ్యకశిపుడైనా భస్మాసురుడైనా ఏళ్ల తరబడి తపస్సు చేస్తే దేవుడు దిగివచ్చి ఇస్తాడు. అక్కడ వరం తపస్సుకు కూలి. ప్రసాదం అలాంటిది కాదు. వరుసలో చేయి చాపిన ప్రతివాడి చేతిలోనూ పడుతుంది. తెలుగు కేథలిక్కులు కృపను ‘వరప్రసాదం’ అంటారు. 1846 నుంచి విశాఖ కేంద్రంగా పనిచేసిన ఫ్రాన్సిస్ డి సేల్స్ సభ గురువుల వారసత్వంలో, 1993లో ఏర్పడిన శ్రీకాకుళం మేత్రాసనంలో ఈ మాట రోజూ జపంలో పలుకుతుంది. బాప్టిస్టులు ‘కృప’ అంటారు. ఈ రెండు మాటల మధ్య గోడ ఉందని అటువాళ్లూ ఇటువాళ్లూ అనుకుంటారు. కానీ వరాన్ని ప్రసాదంగా మార్చిన ‘వరప్రసాదం’ అన్న సమాసం లూథర్ మెచ్చుకునేటంత గొప్పది.

ఈ వాదనకు బలమైన అభ్యంతరాలున్నాయి. మొదటిది, ఈ ఆసుపత్రులూ బళ్లూ మతం మార్చడానికి వేసిన ఎరలు కావా? గాంధీజీ ఈ మాట సూటిగానే అడిగారు. సేవ వెనక మతమార్పిడి ఉద్దేశం ఉంటే సేవ కలుషితమవుతుందన్నారు. ఈ విమర్శ న్యాయమైనది, క్రైస్తవ సిద్ధాంతం లోపలి నుంచి చూస్తే మరీ న్యాయమైనది. కృప ఉచితం అని చెప్పేవాడు వైద్యానికి బదులుగా బాప్తిస్మం ఆశిస్తే, తాను ఖండించిన పుణ్యవ్యాపారాన్నే మళ్లీ తెరిచినట్టు. ఎర వేసిన సందర్భాలు లేవని ఎవరూ అనలేరు. అయితే ఆ ప్రమాదాన్ని గుర్తించి చేయి వెనక్కి తీసుకున్న ఉదాహరణ కూడా మన దగ్గరే ఉంది. 1876-78 నాటి కరవులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో ఒక భాగం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. ఆ కాలమంతా బాప్తిస్మాలు ఆపేశాడు. తిండి కోసం మతంలో చేరారన్న మాట రాకూడదని. కరవు సాయం ముగిశాక 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఆ సంఖ్యను చెప్పుకున్నంతగా అంతకుముందు ఆగిన నెలలను ఎవరూ చెప్పుకోరు. నా దృష్టిలో గొప్పది ఆగడమే. సోంపేట విషయంలో చూడాల్సింది ఇదే. శుక్లం తీసేటప్పుడు కంటికి మతం లేదు. చూపు వచ్చినవాళ్లు తమ దేవుళ్లను తాము కొలుచుకుంటూ ఇళ్లకు వెళ్లిపోయినా తెచ్చిన చూపు తిరిగి ఇచ్చేయక్కర్లేదు. ఉత్తరాన సంఘాలు చిన్నవిగానే మిగిలాయన్న నిజం, మిషన్ నివేదికల్లో నిరాశగా కనిపించినా, ఈ వాదనలో మంచి సాక్ష్యం. ఎర అయితే చేప పడాలి.

రెండో అభ్యంతరం మరింత పదునైనది, అది ఈ మట్టిలోంచే వచ్చింది. పలాస దగ్గరి బొడ్డపాడులో శివాలయం అర్చకుడిగా ఉన్న సుబ్బారావు పాణిగ్రాహి జముకుల కథ చెబుతూ శ్రీకాకుళ సాయుధ రైతాంగ పోరాటంలోకి వెళ్లి 1969 డిసెంబరులో పోలీసుల చేతిలో మరణించాడు. దేవుని దయ కోసం ఎదురుచూడడం మాని మనుషులు లేవాలని నమ్మిన తరం అది. బల్ల మీద కదలకుండా పడుకోమని చెప్పే మతం భూస్వామికే కదా అక్కరకొస్తుంది అని వాళ్లు అడుగుతారు. అడగడం న్యాయం. కృపను నిద్రమందుగా వాడిన ప్రసంగాలు ఎన్నో ఉన్నాయి. కానీ కదలకుండా పడుకోవడం ఆపరేషన్ సమయానికే. బల్ల మీదే జీవితాంతం పడుకోమన్నవాడు వైద్యుడు కాడు. కృప పొందినవాడు పక్కవాడి ఆకలిని చూడలేకపోతే అతని కట్టు ఇంకా విప్పలేదని అర్థం. మత్తయి సువార్త ఇరవై అయిదో అధ్యాయంలో తీర్పు రోజున అడిగే ప్రశ్నలన్నీ అన్నం, నీళ్లు, బట్టలు, జబ్బు, జైలు గురించే. అక్కడ నీతిమంతులు ఆశ్చర్యపోతారు, మేమెప్పుడు నీకు అన్నం పెట్టాం అంటారు. లెక్క రాసుకున్నవాడికి ఆ ఆశ్చర్యం రాదు. పుణ్యం కోసం కాక ఆకలి చూసి పెట్టినవాడికే వస్తుంది. దేవుడి పేరు ఎత్తకుండా పేదవాడి కోసం ప్రాణమిచ్చినవాళ్ల సంగతేమిటని అడిగేవాళ్లకు కూడా ఈ అధ్యాయం దగ్గరే జవాబు వెతుక్కోవాలి. ఆ తలుపును నేను మూయలేను.

ఉచితమే అయితే ఇష్టం వచ్చినట్టు బతకొచ్చా అన్న మూడో అభ్యంతరాన్ని పౌలే రోమీయుల పత్రిక ఆరో అధ్యాయంలో ఎత్తి, అట్లనరాదని తోసేశాడు. చూపు ఉచితంగా వచ్చిందని ఎవరూ మళ్లీ కళ్లు పొడుచుకోరు. దీనికి ఇంతకంటే ఎక్కువ చెప్పనవసరం లేదు.

ఇటీవలి కాలంలోకి వచ్చేసరికి కథ ఇంత వరసగా నడవదు. 1999 అక్టోబరు 31న జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో లూథరన్‌లూ కేథలిక్కులూ నీతిమత్వం గురించిన ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేశారు. కృప వల్లనే, మన అర్హత వల్ల కాకుండా, దేవుడు మనల్ని అంగీకరించి సత్క్రియలకు సిద్ధం చేస్తాడని రెండు పక్షాలూ ఒప్పుకున్నాయి. తర్వాత మెథడిస్టులు, ఆంగ్లికన్‌లు, రిఫార్మ్‌డ్ సంఘాలు కలిశాయి. నాలుగున్నర శతాబ్దాల తగవు కాగితం మీద సద్దుమణిగిన అదే అక్టోబరులో గోపాలపూర్ దగ్గర ఒకటి, పారాదీప్ దగ్గర ఇంకొకటి, రెండు తుపాన్లు ఒడిశా తీరాన్ని ఊడ్చేశాయి. ఆ సంతకాల సంగతి మన పల్లె చర్చిల్లో ఎంతమందికి చేరి ఉంటుంది? 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి ఉద్దానం కొబ్బరినీ జీడినీ వేళ్లతో పెకలించింది. ఒక తరం నాటిన తోట ఒక్క రాత్రిలో పడిపోతే, ఇది ఎవరి పాపఫలం అన్న పాత ప్రశ్న మళ్లీ లేస్తుంది.

ఆ ప్రశ్నకు యోహాను సువార్త తొమ్మిదో అధ్యాయంలో జవాబుంది. పుట్టుగుడ్డిని చూసి, వీడు పాపం చేశాడా, వీడి తల్లిదండ్రులా అని శిష్యులు అడుగుతారు. మన కర్మ సిద్ధాంతం అడిగే ప్రశ్న అదే. యేసు ఆ రెండూ కావన్నాడు. ఉమ్మితో బురద చేసి కళ్లకు పూసి, సిలోయం కోనేటికి వెళ్లి కడుక్కోమన్నాడు. వాడు వెళ్లి కడుక్కుని చూపుతో వచ్చాడు. బురద పూసింది కృప, కోనేటి దాకా నడిచింది విశ్వాసం. ఆ తర్వాత పెద్దలు దబాయించినా, సమాజం వెలివేసినా, నేను గుడ్డివాణ్ణి, ఇప్పుడు చూస్తున్నానని నిలబడి చెప్పడం వాడి క్రియ. ఉద్దానంలో ఇప్పుడు ఈ అధ్యాయం కిడ్నీ జబ్బు ఉన్న ఇళ్లలో చదవాలి. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో పొలం పనులు చేసుకునేవాళ్లను ఈ జబ్బు ఏళ్ల తరబడి తింటోంది. కారణం ఇదీ అని వైద్యశాస్త్రం ఇప్పటికీ తేల్చలేదు. 2023 డిసెంబరు 14న పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి, హిరమండలం నుంచి తాగునీరు తెచ్చే పథకం ప్రారంభమయ్యాయి. కారణం తెలియనిచోట ఖాళీ ఏర్పడుతుంది. ఆ ఖాళీలోకి స్వస్థత సభల పోస్టర్లు వస్తాయి. అభిషేక తైలం సీసాలు వస్తాయి. ‘విత్తన కానుక’ వేస్తే వందరెట్లు తిరిగొస్తుందనే మాట వస్తుంది. జబ్బు తగ్గకపోతే నీ విశ్వాసం చాలలేదంటారు. లూథర్ ఎదిరించిన పాపపరిహార పత్రం మళ్లీ అచ్చయినట్టే. విశ్వాసాన్నే ఒక క్రియగా, దేవునికి చెల్లించే రుసుముగా మార్చేశారు. క్రియలతో రక్షణ లేదని ఆదివారం చెప్పి, విశ్వాసం తూకం తక్కువైందని సోమవారం చెప్పడం కుదరదు. డయాలసిస్ మంచం మీద ఉన్న మనిషితో నీ విశ్వాసం చాలలేదని అన్నవాడు కృపను బోధించడం లేదు. అతడు యోహాను తొమ్మిదిలోని శిష్యుల ప్రశ్న దగ్గరే ఆగిపోయాడు.

సంస్కరణ దినమో, మిషన్ వార్షికోత్సవమో జరుపుకునే టెక్కలి, పలాస, సోంపేట సంఘాల పెద్దలకు ఒక విన్నపం. ఈసారి సాక్ష్యాలు చెప్పించే ముందు, సంఘంలోనూ ఊళ్లోనూ డయాలసిస్‌కు వెళ్లేవాళ్ల పేర్లు రాయించండి. మతం అడగకండి. డయాలసిస్ మామూలుగా వారానికి మూడుసార్లు, ప్రతిసారీ నాలుగు గంటలు. తీసుకెళ్లడానికి ఒకరు, పక్కన కూర్చోవడానికి ఒకరు, ఆ పూట పొలం చూసుకోవడానికి ఒకరు కావాలి.